గేదె లేని కుడితి

డిష్‌వాషర్ కొన్న ఇంట్లో మొదటి ఆరు నెలలూ దాని గుణగానమే. వచ్చిన చుట్టాన్నల్లా వంటింట్లోకి తీసుకెళ్లి, తలుపు దించి, అరలు బయటికి లాగి చూపిస్తారు. ఆ తర్వాత ఒకరోజు పొద్దున్నే గిన్నెలు తీద్దామని తలుపు తెరిచిన మనిషి చటుక్కున మొహం పక్కకు తిప్పుకుంటుంది. గిన్నెలు మెరుస్తూనే ఉంటాయి. వాసన మాత్రం మురుక్కాలవది. "అన్నీ కడిగే మిషనుకి ఈ కంపేమిటి!" అని ఇంటిల్లిపాదీ విస్తుపోతారు. సబ్బు బిళ్ల మంచిది కాదంటారు, బోరు నీళ్లు మంచివి కావంటారు, చివరికి మిషనే మంచిది కాదని తేల్చి కంపెనీకి ఫోన్ చేస్తారు.

మా అబ్బాయి ఇంట్లోనూ ఈ తంతు నడిచింది. హైదరాబాద్‌లో మొగుడూ పెళ్లాలిద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. 2020 లాక్‌డౌన్‌లో పనమ్మాయి రావడానికి వీల్లేకపోయింది. ఇద్దరూ ఇంట్లోనే కూర్చుని పనిచేస్తూ, అంట్ల దగ్గర రోజూ మాటా మాటా అనుకుని, ఆఖరికి రాజీ కింద ఈ మిషన్ తెచ్చుకున్నారు. ఆ ఏడాది మన దేశంలో చాలా ఇళ్లలోకి డిష్‌వాషర్ అలాగే నడిచొచ్చింది. అంతకుముందు షోరూములో ఓ మూల నిలబడి ఉండే సరుకు అది. మన నూనె కడాయిలు దానికి లొంగవని, మన ఆడవాళ్లకి అది నచ్చదని అమ్మేవాళ్లే అనుకునేవారు. పనమ్మాయి రాకపోయేసరికి కడాయిలూ లొంగాయి, ఆడవాళ్లకీ నచ్చింది. ఇప్పుడు కంపెనీలు మన కోసం 70 డిగ్రీల వేడితో కడాయి ప్రోగ్రాం అని ఒకటి ప్రత్యేకంగా పెట్టి మరీ అమ్ముతున్నాయి.

నేను విజయవాడ నుంచి వాళ్లింటికి వెళ్లిన రోజుల్లోనే మెకానిక్ కుర్రాడు వచ్చాడు. కింది అర తీసి పక్కన పెట్టి, "ఫిల్టర్ ఎవరు కడుగుతారండీ?" అన్నాడు. ఎప్పుడు కడిగారు అనలేదు, ఎవరు కడుగుతారు అన్నాడు. చాలా ఇళ్లు చూసినవాడి ప్రశ్న అది. మా అబ్బాయి కోడలి వంక చూశాడు. కోడలు అబ్బాయి వంక చూసింది. "నువ్వు తీస్తున్నావేమో అనుకున్నా" అని ఒకరు, "దానికి ఫిల్టర్ కూడా ఉంటుందా" అని ఒకరు. ఎవరు ఏది అన్నారో చెప్తే ఇంట్లో గొడవవుతుంది.

మిషన్ అడుగున, మధ్యలో ఓ గుంట ఉంటుంది. అందులో గ్లాసంత జల్లెడ ఒకటి దిగి ఉంటుంది. దాని చుట్టూ పళ్లెంలా ఇంకో పలుచటి జాలీ. ఆ కుర్రాడు గ్లాసుని ఎడమకు తిప్పి పైకి లాగాడు. అన్నం మెతుకులు మెత్తబడి బంకలా అయిపోయాయి. అందులో కరివేపాకు ఈనెలు, ఆవాలు, ఎండుమిరప గింజలు, చింతపండు పీచు, ఎప్పటివో శెనగపప్పు బద్దలు, వీటన్నిటినీ కలిపి పట్టుకున్న పసుపుపచ్చటి జిడ్డు. ఆ ఇంట్లో కొన్ని నెలల పాటు ఏయే తాలింపులు పడ్డాయో వరసగా చెప్పేయొచ్చు. నేను ఉద్యోగమంతా డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినదాన్ని. లాబ్‌లో వాయువు తయారుచేసే కిప్స్ ఉపకరణం పక్కన నిలబడి పిల్లల చేత లవణ విశ్లేషణ చేయించిన ముక్కు నాది. పట్టుకోవడానికి ఒక్క క్షణం పట్టలేదు. హైడ్రోజన్ సల్ఫైడ్.

గాలి ఆడని తడిచోట పప్పు, గుడ్డు, మాంసం లాంటివి మిగిలిపోతే అక్కడ గాలితో పనిలేని బాక్టీరియా చేరుతుంది. ప్రొటీన్లలో గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు కొన్ని ఉంటాయి. బాక్టీరియా వాటిని విరగ్గొట్టినప్పుడు వచ్చే వాయువే ఇది. కుళ్లిన కోడిగుడ్డు వాసన అన్నా ఇదే, మురుక్కాలవ వాసనలో పెద్దవాటా కూడా దీనిదే. గాలిలో వంద కోట్ల భాగాల్లో కొద్ది భాగాలున్నా మన ముక్కు దీన్ని పసిగడుతుంది. మనిషి ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు దాదాపు నాలుగు వందల రకాలు. వాటి వెనకున్న జన్యువుల్ని కనిపెట్టినందుకే రిచర్డ్ యాక్సెల్‌కీ లిండా బక్‌కీ 2004లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఇంత సూక్ష్మమైన ముక్కుకి ఒక బద్ధకం కూడా ఉంది. ఒకే వాసనలో కాసేపు కూర్చుంటే ఇక అది వాసనే కాదన్నట్టు ఊరుకుంటుంది. అందుకే ఏ ఇంటి కంపు ఆ ఇంటివాళ్లకి చివర్లో తెలుస్తుంది. ముందు తెలిసేది చుట్టాలకి. వాళ్లు మర్యాదస్తులైతే చెప్పరు. అత్తగారైతే చెప్తుంది.

ఆ జల్లెడని చూస్తే నాకు గుర్తొచ్చింది మా అమ్మమ్మగారింటి పెరట్లో కుడితి తొట్టి. తణుకు దగ్గర పల్లెటూరు. బియ్యం కడిగిన నీళ్లు, వార్చిన గంజి, కంచాల్లో మిగిలిన మెతుకులు, ఆనపకాయ తొక్కలు, పుల్లబడిన మజ్జిగ అన్నీ ఆ తొట్టిలోకే. పైన గుప్పెడు తవుడు. సాయంత్రం గేదె మూతి లోపలిదాకా పెట్టి అడుగున చప్పుడయ్యేదాకా తాగేది. కుడితికి వాసన లేదని కాదు. పుల్లగా, ఘాటుగా ఉండేది. కానీ ఏ రోజు కుడితి ఆ రోజు ఖాళీ. మర్నాటికి కొత్త కుడితి. కుళ్లడానికి దానికి తీరికే దొరికేది కాదు. డిష్‌వాషర్ ఫిల్టర్ కూడా సరిగ్గా కుడితి తొట్టే. తేడా అల్లా, దీన్ని ఖాళీ చేసే గేదె లేదు.

ఆ పెరటి కథను తీపి చేసి చెప్పడం నాకు ఇష్టం లేదు. గేదె కుడితి తాగినా అంట్లు తోమింది గేదె కాదు. ఊరి అవతలి వైపు నుంచి ఒకావిడ వచ్చేది. సంక్రాంతి చలిలో నూతి పళ్లెంలో గొంతుక్కూర్చుని, బూడిదా కొబ్బరిపీచుతో ఇత్తడి గుండిగలు తోమేది. చింతపండు పెట్టి రుద్దితే గిన్నెలు బంగారంలా ఉండేవి, ఆవిడ వేళ్ల సందులు పాసిపోయి ఉండేవి. వాసన పోవడమంటే అక్కడ ఒక మనిషి చేతుల్లోకి పోవడం. ఆ చేతుల్ని చూసినవాళ్లెవరూ డిష్‌వాషర్‌ని విలాసవస్తువు అనరు. నేనూ అనను.

బూడిద సంగతి మాత్రం ఒక మాట చెప్పాలి. కట్టెల బూడిదలో పొటాషియం కార్బొనేట్ ఉంటుంది. అది తడిసి క్షారమై, జిడ్డుతో కలిసి కొంత సబ్బుగా మారుతుంది. అంటే బూడిదతో తోమేటప్పుడు అంట్ల మీద అప్పటికప్పుడు సబ్బు తయారవుతుందన్నమాట. ఇప్పటి మిషన్ బిళ్లలో ఉండేది సోడియం కార్బొనేట్. వరసకు దానికి తమ్ముడే. దానికి తోడు ప్రొటీన్‌నీ పిండినీ విరగ్గొట్టే ఎంజైములు, మరకలు పోగొట్టే సోడియం పెర్‌కార్బొనేట్ చేర్చారు. ఒకప్పుడు ఫాస్ఫేట్లు కూడా దండిగా ఉండేవి. అవి చెరువుల్లో, నదుల్లో నాచు పెంచుతున్నాయని 2010లో అమెరికాలో చాలా రాష్ట్రాలూ, 2017 నుంచి యూరోపియన్ యూనియనూ వాటిని దాదాపుగా తీయించేశాయి.

ఇక లోపల జరిగేది చూద్దాం. చాలామంది అనుకునేది, మిషన్ గిన్నెల మీద ఎప్పటికప్పుడు కొత్త నీళ్లు పోసి కడుగుతుందని. అలా పోస్తే సింకులో కడిగినదానికంటే ఎక్కువ నీళ్లు కావాలి. నిండా అంట్లు పెట్టినా ఒక విడతకి పది పన్నెండు లీటర్లతో సరిపెట్టడం దాని గొప్ప. అదెలాగంటే, పట్టిన కొద్ది నీళ్లనే పంపు అడుగు గుంటలోంచి తీసి, తిరిగే రెక్కల సన్నటి బెజ్జాల్లోంచి గిన్నెల మీదికి కొడుతుంది. అవి మురికితో కిందికి జారి, ఫిల్టర్‌లో వడకట్టుకుని, మళ్లీ పంపులోకి వెళ్లి మళ్లీ గిన్నెల మీదికే వస్తాయి. గంటసేపు ఇదే ప్రదక్షిణం. మధ్యలో కొన్నిసార్లు మాత్రమే నీళ్లు మార్చుకుంటుంది. ఇప్పుడు ఆ ఫిల్టర్ నిండా నెలనాటి మెతుకులుంటే గిన్నెల మీద పడేదేమిటో మీరే ఊహించుకోండి. ఫిల్టర్ సరిగ్గా బిగించకపోతే ఇంకో చిక్కు. ఆవగింజ పక్కసందులోంచి దూరి రెక్కలోకి పోయి, దాని బెజ్జంలో ఇరుక్కుంటుంది. ఎవరో కొలిచి చేసినట్టు సరిపోతుంది. మిషన్ని తయారుచేసిన జర్మన్ ఇంజినీరు తాలింపు పెట్టుంటే ఆ బెజ్జాన్ని ఇంకొంచెం పెద్దది చేసేవాడేమో.

వేడి సంగతి కూడా ఉంది. పొదుపు కోసం మా పిల్లలు ఎప్పుడూ తక్కువ వేడితో నడిచే క్విక్ ప్రోగ్రామే వేసేవారు. గ్లాసులకీ టీ కప్పులకీ అది చాలు. నెయ్యీ డాల్డా కరగడానికీ ఆ వేడి చాలు. కానీ కరిగినంత మాత్రాన పోయినట్టు కాదు. పైపు దాకా వెళ్లి, అక్కడ చల్లారి, గోడకి పేరుకుంటుంది. దాని మీద మెతుకు అంటుకుంటుంది, మెతుకు మీద బాక్టీరియా చేరుతుంది. అందుకే వారానికో మాటైనా 65, 70 డిగ్రీల ప్రోగ్రాం నడవాలి. బోరు నీళ్లున్న అపార్టుమెంట్లలో కాల్షియం తోడై ఈ పొర గట్టిపడి కూర్చుంటుంది. మిషన్ అడుగున ఉప్పు పోసే అర ఇచ్చింది ఆ కాల్షియాన్ని ముందే పట్టేసే రెజిన్‌ని తిరిగి పనిలోకి తేవడానికి. ఉప్పు లైటు వెలుగుతున్నా చూడనట్టు పోయేవాళ్లు సబ్బు బిళ్లని తిట్టే హక్కు పోగొట్టుకున్నట్టే. అలాగని కూరల్లో వేసే మెత్తటి అయొడిన్ ఉప్పు అందులో పోయకూడదు.

ఈ మిషన్ పుట్టుక కథ నాకు చాలా ఇష్టం. 1886లో అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రం, షెల్బీవిల్ అనే ఊళ్లో జోసెఫిన్ కాక్రేన్ అనే ఆవిడ దీనికి పేటెంటు తీసుకుంది. అంతకుముందే చెక్కతో, చేత్తో తిప్పేవి కొందరు చేశారు గానీ అవి పనిచేసింది తక్కువ. ఈవిడది నీటి ఒత్తిడితో కడిగే మిషన్. ఆవిడ ఇల్లాలుగా అంట్లు తోమి తోమి విసిగిపోయి దీన్ని కనిపెట్టిందనుకుంటారు చాలామంది. ఆవిడ కలిగినింటి మనిషి. తోమింది పనివాళ్లు. విందుల తర్వాత వాళ్లు కడుగుతూ తాతలనాటి పింగాణీ అంచులు విరగ్గొడుతున్నారని ఆవిడకి కోపం. భర్త అప్పులు మిగిల్చి పోయాక ఆ కోపాన్నే వ్యాపారంగా మార్చింది. ఇంటి వెనక షెడ్డులో ఒక మెకానిక్‌ని పెట్టుకుని మిషన్ చేయించి, 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో పెట్టి బహుమతి అందుకుంది. హోటళ్లు కొన్నాయి. ఇళ్లు కొనలేదు. మామూలు ఇళ్లలో అంత వేడినీళ్లు కాగే బాయిలర్లు లేవు. 1913లో ఆవిడ పోయిన తర్వాత కంపెనీ చేతులు మారి, చివరికి కిచెన్‌ఎయిడ్ పేరుతో ఇళ్లలోకి చేరింది.

అక్కడ ఒక ఇంట్లో పనివాళ్లు పింగాణీ విరగ్గొట్టారని మొదలైన వస్తువు, ఇక్కడ మా అబ్బాయి ఇంట్లో పనమ్మాయి రాలేదని అడుగుపెట్టింది. రెండు చోట్లా అంట్లు ఇంకొకరి పని. ఆ ఇంకొకరి చోటులోకే మిషన్ వచ్చి కూర్చుంది. అలాంటప్పుడు ఆ పనిలో మిషన్ చెయ్యలేక మిగిల్చిన చిన్న ముక్క, అంటే ఫిల్టర్ తీసి కడగడం, ఎవరికీ చెందకుండా పోవడంలో ఆశ్చర్యమేముంది? పనమ్మాయికి అప్పజెప్దామంటే లాక్‌డౌన్ పోయాక తిరిగి పనిలో చేరినా ఆమె ఆ మిషన్‌ని ముట్టుకోదు. "పాడైతే నన్నంటారమ్మగారూ" అంటుంది. తన జీతం తగ్గించిన వస్తువుకి తనే స్నానం చేయించాలా అని కూడా లోపల అనుకుంటుందేమో, అడిగే ధైర్యం నాకు లేదు.

అమెరికాలో మనవాళ్ల ఇళ్లలో ఇంకో రకం. అక్కడ ఇల్లు కొంటే, అద్దెకి తీసుకున్నా సరే, డిష్‌వాషర్ చాలావరకు దాంతోపాటే వస్తుంది. అయినా చాలా తెలుగిళ్లలో అంట్లు చేత్తోనే కడిగి, నీళ్లు కారడానికి గిన్నెల్ని అందులో సర్దుతారు. వేల రూపాయల మిషన్ చిల్లుల బుట్ట పనికి తిరుగుతూ ఉంటుంది. పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన మా స్నేహితురాళ్లంతా "వాళ్ల మిషన్ వాడకపోయినా వాసనొస్తుందేమిటే" అంటారు. వాడకపోబట్టే వస్తుంది. కింద గుంటలో రబ్బరు సీళ్లు ఎండిపోకుండా కొద్దిగా నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉంటాయి. వారానికి నాలుగుసార్లు తిప్పితే ఆ నీళ్లు మారతాయి. నెలల తరబడి తిప్పకపోతే అవే నీళ్లు మురుగుతాయి. పైగా అక్కడ సింకు కింద తొక్కలూ గింజలూ నలగ్గొట్టే డిస్పోజర్ ఉంటుంది. డిష్‌వాషర్ గొట్టం దాంట్లోకే కలుస్తుంది. ఆ గొట్టాన్ని ముందు కౌంటర్ కిందిదాకా పైకి లాగి, వంచి, ఆ తర్వాత కిందికి దించాలి. వంపు లేకుండా నేలబారుగా పడేస్తే సింకులో నలిగిన కుళ్లు వెనక్కి నడిచి మిషన్‌లోకి వస్తుంది. మిషన్ తప్పేమీ లేదు.

మన అపార్టుమెంట్లలో ఈ సమస్య యుటిలిటీ బాల్కనీలోని నహానీ ట్రాప్ దగ్గరుంటుంది. మిషన్ మురుగు గొట్టాన్ని తీసుకొచ్చి జాలీ పక్కన రంధ్రంలోకి తోసి, చుట్టూ సందు వదిలేసి పోతారు ప్లంబర్లు. ఆ ట్రాప్‌లో నిలిచే కొద్దిపాటి నీళ్లే ఇంటికీ మురుక్కాలవకీ మధ్య అడ్డు. నీళ్లనే తలుపుగా పెట్టొచ్చన్న ఈ ఊహకి 1775లో లండన్‌లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల పనివాడు మరుగుదొడ్డి కోసం పేటెంటు తీసుకున్నాడు. మన ఇళ్లలో సింకు కింద వంకరగొట్టం దాని వంశమే. సెలవులకి ఊరెళ్లి తాళం పెట్టి వస్తే ఆ నీళ్లు ఆవిరైపోయి కాలవ గాలి నేరుగా ఇంట్లోకొస్తుంది. అప్పుడు చెయ్యాల్సిందల్లా చెంబుడు నీళ్లు పోయడం. మెకానిక్‌ని పిలిస్తే విజిటింగ్ చార్జీ దండగ.

వాసనకి వైద్యం చేసేవాళ్లకి మన దగ్గర కొదవ లేదు. అరకి తగిలించే నిమ్మకాయ సువాసన బిళ్లలు అమ్ముతున్నారు. వాటి మీద నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెప్తాను. కొనకండి. కుళ్లు మీద అత్తరు చల్లితే రెండు వాసనలొస్తాయి. ఇంకొందరు వినిగర్ గిన్నెలో వంట సోడా కలిపి పెట్టమంటారు. బుసబుసా పొంగుతుంది కాబట్టి ఏదో జరిగినట్టుంటుంది. జరిగేదల్లా ఆమ్లం క్షారాన్నీ, క్షారం ఆమ్లాన్నీ చంపుకోవడం. మిగిలేవి కాస్త సోడియం ఎసిటేట్, నీళ్లు, గాలిలోకి పోయిన కార్బన్ డై ఆక్సైడు. రెండింటినీ వేర్వేరుగా వాడితే రెండూ పనికొస్తాయి. చేప కూర వండిన గిన్నెల నీచు వాసన ట్రైమిథైల్ ఎమీన్‌ది. అది క్షారగుణం ఉన్నది. పులుపు తగిలితే లవణంగా మారి గాల్లోకి లేవకుండా అణిగిపోతుంది. మన ఆడవాళ్లు చేప ముక్కల్ని పసుపూ ఉప్పూ చింతపండుతో రుద్ది కడగడంలో ఉన్నది ఈ కెమిస్ట్రీయే, వాళ్లెవరూ మా కాలేజీలో చదవకపోయినా. పాల గిన్నెల పాచివాసన, పాతబడిన నెయ్యి వాసన కొవ్వు ఆమ్లాలవి. వాటికి వంట సోడా. ఏది ఏ వాసనో తెలియకుండా రెండూ ఒక్కసారే వేస్తే ఏదీ పనిచెయ్యదు.

కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు అని దొరికేది సిట్రిక్ యాసిడ్. గిన్నెలేమీ పెట్టకుండా, సబ్బు కూడా వెయ్యకుండా, అడుగున రెండు మూడు చెంచాల నిమ్మ ఉప్పు చల్లి అన్నిటికంటే వేడి ప్రోగ్రాం తిప్పితే పేరుకున్న కాల్షియం పొర వదులుతుంది. నెలకో రెండు నెలలకో ఒకసారి చాలు. రోజూ చేస్తే రబ్బరుకి మంచిది కాదు. ఒక్క హెచ్చరిక గట్టిగా చెప్పాలి. బ్లీచింగ్ ద్రావణాన్ని వినిగర్‌తో గానీ నిమ్మ ఉప్పుతో గానీ కలపకండి. పుట్టేది క్లోరిన్ వాయువు. మూసిన వంటింట్లో అది ఊపిరితిత్తులకు ప్రమాదం. బ్లీచ్ ఒక్కటే వాడినా లోపలి స్టీలుకి చేటే.

ఇన్ని చేసినా పోని వాసన సాధారణంగా తలుపు కింది అంచున దాక్కుంటుంది. తలుపు పూర్తిగా దించి, వంగి, ఆ అడుగు పెదవి దగ్గర వేలు పెట్టి చూడండి. రెక్కల నీళ్లు అక్కడిదాకా చేరవు. పళ్లేలు సర్దేటప్పుడు కారిన పులుసూ మజ్జిగా అక్కడే నిలిచి నల్లగా జిగురు కడతాయి. రబ్బరు అంచు మడతలూ అంతే. స్లొవేనియాలోని ల్యుబ్లియానా విశ్వవిద్యాలయం పరిశోధకులు రకరకాల దేశాల ఇళ్లలో డిష్‌వాషర్ రబ్బర్లని పరీక్షించి 2011లో ఒక వ్యాసం ప్రచురించారు. సగానికి పైగా మిషన్లలో బూజుజాతి జీవులు దొరికాయి. వాటిలో ఎక్సోఫియాలా అనే నల్ల ఈస్టు ముఖ్యం. వేడినీ, ఉప్పునీ, క్షారాన్నీ ఓర్చుకుని బతకగలదది. గిన్నెలు శుభ్రం చెయ్యడానికి మనం సృష్టించిన నరకంలో హాయిగా కాపురం పెట్టగల జీవి ఒకటి ప్రకృతి దగ్గర ముందే ఉందన్నమాట. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు దీనికి హడలిపోనక్కర్లేదు. తడిగుడ్డతో ఆ మడతలు తుడిచి, పని అయ్యాక తలుపు నాలుగు వేళ్లు తెరిచి ఉంచితే చాలు. ఆరిన చోట దాని ఆటలు సాగవు.

పని అయిన వెంటనే తలుపు తెరిస్తే ఆవిరి పై చెక్కకి కొట్టి ఉబ్బుతుందని మా కోడలి భయం. నిజమే. పది నిమిషాలు ఆగి తెరవాలి. అంట్లు నిండలేదని రెండు రోజులు లోపలే మూసి ఉంచే అలవాటు కూడా వాళ్లకి ఉండేది. ఇద్దరే మనుషులు, అంత తొందరగా నిండదు. కోడిగుడ్డు అట్టు వేసిన పెనం అందులో రెండు పగళ్లు, రెండు రాత్రులు. అలాంటప్పుడు చన్నీళ్లతో ఊరికే తడిపే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉంటుంది, అది నడిపితే సరి. లేదా పళ్లెంలో మెతుకుల్ని చెత్తబుట్టలోకి దులిపి పెట్టాలి. కుళాయి కింద కడిగి పెట్టనక్కర్లేదు, దులిపితే చాలు. ముందే కడిగేసి మిషన్‌లో పెట్టడం మా వయసువాళ్ల చాదస్తం. ఎంజైములకి విరగ్గొట్టడానికి ఏదో ఒకటి మిగల్చాలి కదా.

మా పెద్దత్తయ్య ఒకావిడ వచ్చినప్పుడు అసలు సమస్య వేరే తెచ్చారు. గుడ్డు పెనమూ, దేవుడికి నైవేద్యం పెట్టే గిన్నే ఒకే పెట్టెలో ఎలా తిరుగుతాయే అని. 70 డిగ్రీల వేడినీళ్లకి సూక్ష్మజీవులు చాలావరకు పోతాయని చెప్పాను. "సూక్ష్మజీవులు సరే, మడి?" అన్నారు. దానికి నా దగ్గర కెమిస్ట్రీ లేదు. నైవేద్యం గిన్నె ఇప్పటికీ విడిగా, చేత్తోనే కడుగుతున్నారు.

'ది గ్రేట్ ఇండియన్ కిచెన్' అని 2021లో జియో బేబీ తీసిన మలయాళ సినిమా చూసే ఉంటారు. అందులో సింకు కింద గొట్టం కారుతూ ఉంటుంది. కొత్తకోడలు ప్లంబర్‌ని పిలవమని భర్తకి చెప్తూనే ఉంటుంది. అతను మర్చిపోతూనే ఉంటాడు. ఆ మురికినీళ్ల బకెట్‌ని ఎత్తి పారబోసేది ఆమె, చేతులు వాసన చూసుకునేది ఆమె. అతను చెడ్డవాడని కాదు. ఆ గొట్టం అతని లెక్కలో లేదు, అంతే. చివర్లో ఆ నీళ్లు అతని మొహాన పడేదాకా లెక్కలోకి రాలేదు. ఆ సినిమా చూశాక నాకు అర్థమైంది మెకానిక్ కుర్రాడి ప్రశ్న ఎంత లోతైనదో. డిష్‌వాషర్ కొని భార్యకి పని తప్పించానని చెప్పుకునే మగవాళ్లని చాలామందిని చూశాను. వాళ్లకి మిషన్ ధర నోటికొచ్చు, ఎన్ని పళ్లేలు పడతాయో నోటికొచ్చు, ఫిల్టర్ ఎటు తిప్పితే ఊడుతుందో తెలియదు. మిషన్ తోమే పనిని తీసేసింది, కనిపెట్టుకుని ఉండే పనిని తియ్యలేదు. ఏది నిండింది, ఏది అయిపోయింది, ఏది వాసనొస్తోంది అని తల్లో మోసే బరువు ఇంకా ఒక్కరిదే. ఆ ఒక్కరికీ ఆఫీసులో మీటింగులు పెరిగిన నెలలో ఫిల్టర్ నిండుతుంది.

మా అబ్బాయి ఇంట్లో ఇప్పుడు ఆదివారం ఫిల్టర్ అబ్బాయిది, ఉప్పూ బిళ్లలూ చూసుకోవడం కోడలిది. ఆ పంపకం నేను చెయ్యలేదు. మెకానిక్ కుర్రాడు వెళ్తూ వెళ్తూ, "రిపేరేం లేదు సార్, మీరే కడుక్కోవచ్చు" అని అబ్బాయి మొహం చూసి చెప్పి, విజిటింగ్ చార్జీ తీసుకున్నాడు. డబ్బులు కట్టినవాడికి మాట బాగా ఎక్కింది.

మీ ఇంట్లో డిష్‌వాషర్ ఉంటే, ఈ వారం ఆ ఫిల్టర్‌ని రోజూ వంటింట్లో ఉండే మనిషి కాకుండా ఇంకొకరు తియ్యండి. పాత టూత్‌బ్రష్, వేడినీళ్లు, రెండు చుక్కల సబ్బు చాలు. ముందు కరెంటు స్విచ్ ఆపెయ్యండి. జల్లెడ తీశాక కింద గుంటలోకి ఒట్టి వేళ్లు పెట్టకండి, ఎప్పుడో పగిలిన గ్లాసు ముక్కలు అందులో ఉండొచ్చు. తిరిగి పెట్టేటప్పుడు గట్టిగా బిగుసుకున్న చప్పుడు వినపడేదాకా తిప్పండి.